పంట నాది, పట్టా వేరొకరిది

మాది ఖమ్మం జిల్లా కల్లూరు మండలం. ఒకపక్క సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే మాగాణి, ఇంకోపక్క కనకగిరి గుట్టల అడవి. వరి, మొక్కజొన్న, మిరప, పత్తి, మామిడి అన్నీ పండే నేల. మాకు సొంతంగా ఉన్నది ముప్పావు ఎకరం చెలక. దాని మీద ఇల్లు గడవదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మాది కౌలు సేద్యమే. 2023 మార్చిలో ఆ కౌలు చేలో మాకు జరిగిందీ, తరవాత పరిహారం కోసం మేం పడిన పాట్లూ ఇక్కడ రాస్తున్నాను. మా చుట్టుపక్కల పెనుబల్లి, తల్లాడ, ఏన్కూరు, వేంసూరు మండలాల్లో నాలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకు రాసే తీరిక లేదు. నేను పదో తరగతి దాకా చదువుకున్నాను కాబట్టి నా వంతుగా ఈ నాలుగు మాటలు.

ఆ ఏడాది మేం కౌలుకు తీసుకున్నది నాలుగెకరాలు. భూమి ఒక రిటైరైన మాస్టారిది. ఆయన ఖమ్మంలో పిల్లల దగ్గర ఉంటారు. ఏడాదికి ఎకరాకు పదిహేను వేలు. సగం ముందు కట్టాలి, సగం యాసంగి పంట అమ్మాక. కాగితం లేదు, మాట మీదే. మా దగ్గర కౌలుకు కాగితం రాసుకునే అలవాటు లేదు. కాగితం అడిగితే ఆ భూమి ఇంకొకరికి పోతుంది.

వానాకాలం వరి వేశాం, కోశాం. ఆ డబ్బులు ముందు కౌలుకూ, పాత బాకీకీ పోయాయి. డిసెంబరులో నాలుగెకరాల్లోనూ మొక్కజొన్న పెట్టాం. విత్తనాలు, డీఏపీ, యూరియా, కత్తెర పురుగుకు మందులు అన్నీ ఎరువుల కొట్లో ఖాతా మీదే తెచ్చాం. వడ్డీ నూటికి రెండు రూపాయలు. కూలీలకూ, దుక్కికీ మాత్రం చేతిలో డబ్బు కావాలి. నా మెళ్ళో గొలుసు కుదువ పెట్టాం. మేం ఇద్దరం చేసిన పని లెక్క వేయకుండానే పెట్టుబడి ఎకరాకు ఇరవై ఐదు వేలు దాటింది. కాలువ నీళ్ళు సక్రమంగా వచ్చాయి. ఫిబ్రవరి నెలాఖరుకు చేలోకి వెళితే మనిషి కనపడనంత ఎత్తు పెరిగింది. కంకి పిసికితే పాలు చిమ్మేది. ఎకరాకు ముప్పై ఐదు క్వింటాళ్ళకు తగ్గదని మా ఆయన లెక్కేశాడు. ఆ ఏడాది మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 1,962 రూపాయలు. ఆ లెక్కన కొట్టు బాకీ, రెండో విడత కౌలు తీరిపోయి, గొలుసు విడిపించుకున్నా ఇంకా చేతిలో కొంత మిగిలేది.

ఉగాది ఇంకా మూడు నాలుగు రోజులుందనగా వాన పట్టింది. మార్చిలో మాకు వాన కొత్త కాదు. మామిడి పిందె రాల్చే గాలివాన ప్రతి ఏడూ ఒకటి వస్తుంది. ఆ రోజు వచ్చింది అలాంటిది కాదు. సాయంత్రం అడవి వైపు నుంచి ఆకాశం నల్లగా దిగింది. ముందు గాలి లేచింది. తరవాత రేకుల మీద రాళ్ళు పడ్డట్టు వడగళ్ళు. ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. కరెంటు పోయింది. మా అత్త దేవుడి గూట్లో దీపం పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. రాత్రంతా వాన ఆగుతూ, పడుతూనే ఉంది.

తెల్లవారక ముందే చేలోకి వెళ్ళాం. దారిలో మామిడి తోటల కింద కాయలు పరిచినట్టు రాలి ఉన్నాయి. మా చేను గట్టు మీద నిలబడితే అవతలి గట్టు కనిపించింది. ముందు రోజు దాకా ఆ గట్టు కనిపించేది కాదు. చేనంతా ఒకే వైపుకు పడి ఉంది. నేను లోపలికి దిగి ఒక కర్ర పట్టి లేపి చూశాను. వేరు దగ్గర కదిలి ఒరిగితే మళ్ళీ నిలబడుతుందేమోనని ఆశ. చాలా కర్రలు కింది నుంచి రెండో కణుపు దగ్గర పుటుక్కున విరిగి ఉన్నాయి. విరిగిన చోట పీచు తెల్లగా బయటికి వచ్చింది. కంకులు బురదలో ఉన్నాయి. పై పొర ఒలిచి చూస్తే గింజ ఇంకా మెత్తగానే ఉంది. కర్ర విరిగాక ఆ గింజ ఇక గట్టిపడదు. నాలుగెకరాల్లో మెరక మీదున్న ఒక ఎకరం మాత్రం కాస్త ఒరిగి ఆగింది. మా ఆయన గట్టు మీదే కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. "కొట్టాయనకు ఏం చెప్పాలే?" అన్నాడు చివరికి.

ఆ వానలకు రాష్ట్రం మొత్తం మీద 2.28 లక్షల ఎకరాల పంట పోయిందని ప్రభుత్వం లెక్క కట్టింది. అందులో 1.29 లక్షల ఎకరాలు మొక్కజొన్నే. ఉగాది మర్నాడు, మార్చి 23న, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా జిల్లాకే వచ్చారు. బోనకల్ మండలం రామాపురంలో పడిపోయిన మొక్కజొన్న చూశారు. ఎకరాకు పది వేలు ఇస్తామని అక్కడే ప్రకటించారు. మొత్తం 228 కోట్లు. కేంద్రం లెక్కల ప్రకారమైతే మొక్కజొన్నకు ఎకరాకు 3,333 రూపాయలు, వరికి 5,400, మామిడికి 7,200 మాత్రమే వస్తాయి, అది ఏ మూలకూ చాలదు, అందుకే రాష్ట్రమే ఇస్తుందని చెప్పారు. కౌలు రైతులకూ అందేలా చూస్తామన్నారు. ఆ మాట మేం టీవీలో విన్నాం. మా ఆయన చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు. పది వేలకు పెట్టుబడిలో సగం కూడా తిరిగి రాదని మాకు తెలుసు. అయినా నాలుగెకరాలకు నలభై వేలు వస్తే కొట్టు బాకీలో కొంత కట్టి, వానాకాలానికి మళ్ళీ ఖాతా తెరిపించుకోవచ్చు. కౌలు రైతుకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. ఖాతా మూస్తే సేద్యం మూసినట్టే.

రెండు మూడు రోజులకు వ్యవసాయ విస్తరణ అధికారి, అదే ఏఈఓ మేడమ్, చేలకు వచ్చింది. చిన్న పిల్ల, ఎండకు చున్నీ తలకు చుట్టుకుని ఫోన్, రిజిస్టర్ పట్టుకుని గట్ల మీద నడుస్తోంది. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, క్లస్టర్‌కు ఒక ఏఈఓ. ఐదు వేల ఎకరాల్లో ఏ చేను ఎంత పోయిందో ఒక్క మనిషి కొద్ది రోజుల్లో తిరిగి రాయాలి. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. నీళ్ళు తాగమంటే కూడా ఆగే తీరిక లేదు.

"సర్వే నంబరెంత అక్కా?" అంది. చెప్పాను.

ఫోన్లో చూసి, "పట్టాదారు మీరు కాదుగా?" అంది.

"కౌలుకు చేస్తున్నాం తల్లీ. పంట మాదే."

"పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా పట్టాదారువి కావాలి. కౌలు అని రాయాలంటే ఆయన ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి ఇవ్వాలి."

ఆ తరవాత చేను చూసింది. పరిహారానికి నిబంధన ఒకటుంది. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే నష్టం కింద రాస్తారు. ఒకప్పుడు సగం పోతే తప్ప రాసేవాళ్ళు కాదట, 2015లో దాన్ని 33 శాతానికి దించారు. మెరక మీది ఎకరం ఆ లెక్కకు రాదంది. అక్కడ కర్ర ఒరిగిందే గాని విరగలేదు. మూడెకరాలు రాసుకుంది. ఆ ఎకరం కూడా మాకు పూర్తిగా చేతికి రాలేదు. ఒరిగిన చేలోకి మిషన్ దిగదు, కంకి చేత్తో ఏరించాలి, కూలి రెట్టింపు. పైగా కింద పడ్డ కంకి కోసం రాత్రిళ్ళు అడవి నుంచి పందులు దిగాయి. మా ఆయన, మా మరిది డబ్బాలు మోగిస్తూ వంతులేసుకుని కావలి పడుకున్నారు. ఇవేవీ శాతం లెక్కలోకి రావు. సర్వే రోజు చేను ఎలా ఉందో అంతవరకే.

మాస్టారికి ఫోన్ చేశాం. తరవాత ఖమ్మం వెళ్ళి కలిశాం. మంచి మనిషే. కాఫీ ఇప్పించారు, పంట సంగతి విని బాధపడ్డారు. సంతకం మాట ఎత్తగానే ముఖం మారింది. "అమ్మాయ్, నీ మీద అనుమానం కాదు. సర్కారు కాగితం మీద కౌలుదారు అని నీ పేరు పడితే రేపు నా పిల్లలకు ఏ చిక్కొస్తుందో నాకు తెలియదు. ఉన్నది ఆ నాలుగెకరాలే" అన్నారు. నేను బతిమాలాను. ఆయన నా ముఖం చూడకుండా, "నా ఖాతాలో పడనీ, తరవాత చూసుకుందాం" అన్నారు.

ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు. మా ప్రాంతంలో భూమి ఉన్న ప్రతివాళ్ళకూ ఉంది. వెనకటి కౌలు చట్టాల సంగతులు విన్నవాళ్ళు, కౌలుదారు పేరు కాగితం మీదకెక్కితే భూమి చేజారుతుందని నమ్ముతారు. అందుకే నోటి మాట కౌలు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. మాకూ అప్పట్లో ఒకటి ఉండేది, పెట్టెలో ఇప్పటికీ ఉంది. రాష్ట్రం వేరయ్యాక వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. పాత పహాణీలో అనుభవదారు అని ఒక గడి ఉండేది. చేను ఎవరు దున్నుతున్నారో అందులో రాసేవాళ్ళు. 2020 అక్టోబరులో భూ రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చాక ఆ గడి పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే వచ్చింది. రైతు చనిపోతే ఐదు లక్షలిచ్చే రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్ళకే. ఏ పథకానికైనా దారి పాసుపుస్తకం నుంచే. కౌలు చేనుకు పాసుపుస్తకం లేని నేను ప్రభుత్వం దృష్టిలో ఆ చేను రైతునే కాను.

బీమా ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016లో వచ్చింది. వానాకాలం పంటకు రైతు వాటా ప్రీమియం 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం. మొదటి ఏళ్ళలో బ్యాంకులో పంట రుణం తీసుకున్నవాళ్ళకు అది తప్పనిసరి, రుణంలోంచే ప్రీమియం కోసుకునేవాళ్ళు. బ్యాంకు రుణం పాసుపుస్తకం మీద వస్తుంది. కౌలు చేను మీద మాకు రుణమే లేనప్పుడు బీమా ఎక్కడిది? 2020లో తెలంగాణ ఆ పథకంలోంచే బయటికి వచ్చింది. దాంతో పట్టా ఉన్న రైతుకూ బీమా లేకుండా పోయింది. పంట పోతే ఇక మిగిలింది ఒక్కటే, ప్రభుత్వం ఎంత ఇస్తుందో, ఎప్పుడిస్తుందో అని ఎదురుచూడటం. బీమా ఉంటే పాలసీ చూపించి నాకు రావాల్సింది ఇది అని అడగొచ్చు. ప్రకటన మీద వచ్చే డబ్బుకు అలా అడిగే వీలు లేదు.

విపత్తు నిధికి కేంద్రం పెట్టిన రేట్లు ఉన్నాయి, కేసీఆర్ ఆ రోజు చెప్పిన అంకెలకు ఇవి కాస్త వేరు. 2022లో సవరించిన దాని ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, తోటలకు 22,500. అదీ రైతుకు రెండు హెక్టార్ల వరకే. ఎకరాల్లోకి మారిస్తే నీళ్ళ కింది పంటకు ఏడు వేలు కూడా రాదు. దాంతో పోలిస్తే పది వేలు ఎక్కువే, కాదనను. ఆ పది వేలు ఎవరి చేతికి చేరాయన్నదే నా బాధ.

ఏప్రిల్‌లో చేను ఏరించాం. ఎకరాకు తొమ్మిది పది క్వింటాళ్ళు. తడిసి ముక్కిన గింజ, నల్ల మచ్చలు. వ్యాపారి గుప్పెడు గింజలు తీసి వాసన చూసి మద్దతు ధరలో సగానికి అడిగాడు. ఇచ్చేశాం. ఆ డబ్బు కూలీలకే సరిపోయింది. కొట్టు బాకీ వడ్డీతో సహా అలాగే ఉంది.

పరిహారం మాస్టారి ఖాతాలో పడింది. మూడెకరాలకు ముప్పై వేలు. రెండో విడత కౌలు కూడా నాలుగెకరాలకు ముప్పై వేలే. ఆయన ఫోన్ చేసి, "కౌలు బాకీ జమ చేసుకున్నాను, ఇక నీకేం బాకీ లేదు అమ్మాయ్, నిశ్చింతగా ఉండండి" అన్నారు. ఆయన మనసులో అది మాకు చేసిన మేలే. ఆయన వైపు నుంచి చూస్తే అన్యాయమూ లేదు, ఒప్పుకున్న కౌలు ఆయనకు రావాలి. కానీ చూడండి ఏమైందో. పంట పోయినందుకు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు, పంట పోయినా భూమికి రావాల్సిన కౌలు కింద జమైంది. వడగళ్ళ వాన వల్ల పట్టాదారుకు ఒక్క రూపాయి నష్టం రాలేదు. నష్టమంతా మా మీదే ఉండిపోయింది. కాగితాల మీద మాత్రం ఆ మూడెకరాల రైతుకు పరిహారం అందినట్టే లెక్క.

ఈ సంగతి చెప్పి అడుగుదామని ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో, ఎవరో చెప్పను, ఎవరినీ బద్నాం చేయడానికి రాయడం లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన కాగితాలు తిరగేసి, "మీ సర్వే నంబరుకు డబ్బు పడిపోయిందమ్మా, ఇక కంప్లయింట్ ఏముంది?" అన్నాడు. సర్వే నంబరుకు డబ్బు పడటమేమిటో అప్పుడు నాకు నోట మాట రాలేదు. అర్జీ రాసిచ్చాను. ముద్ర వేసి ఇచ్చిన నకలు నా దగ్గరుంది. జవాబు రాలేదు.

ఆ వానాకాలానికి కొట్టాయన పాత బాకీలో కొంతైనా కడితేనే ఎరువు ఇస్తానన్నాడు. గొలుసు వేలానికి పోయింది. మా ఆయన మేస్త్రీ పనులకు ఖమ్మం, సత్తుపల్లి తిరిగాడు. మా పెద్దమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది ప్రైవేటు కాలేజీలో చేరాలనుకుంది, ప్రభుత్వ కాలేజీలో చేరింది. బాగానే చదువుతోంది, అది వేరే మాట. నాకు మాత్రం ఆ ఏడాదంతా రాత్రిళ్ళు వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు. మా ఆయన మాట తగ్గించేశాడు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకుండా అత్తా నేనూ పక్కింట్లో దాచేవాళ్ళం. ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. కౌలు రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇలా ఎన్ని రాత్రులు కాపలా కాస్తారో బయటివాళ్ళకు తెలియాలని రాస్తున్నాను.

2024లో మాస్టారు చేనే మళ్ళీ కౌలుకు తీసుకున్నాం. దానికి తోడు వాగు పక్కన ఇంకొకాయనది ఎకరంన్నర. ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన సెప్టెంబరు 1న ఖమ్మం జిల్లానంతా ముంచింది. మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. వాగు పక్క ఎకరంన్నర వరి మీద ఇసుక మేట వేసింది. ప్రభుత్వం మళ్ళీ ఎకరాకు పది వేలు ప్రకటించింది. ఆ వరదలకు రాష్ట్రంలో 79,574 ఎకరాల పంట పోయిందని లెక్క తేలింది, మా ఖమ్మం జిల్లాలోనే 28,407 ఎకరాలు. ఈసారీ డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడింది. అయితే ఆ వాగు పక్క పొలం ఆయన, డబ్బు పడిన నాలుగు రోజులకే బండి మీద మా ఇంటికి వచ్చి పదిహేను వేలూ మా ఆయన చేతిలో పెట్టి, "పంట నీది, నాకెందుకు?" అని వెళ్ళిపోయాడు. ఆయనకు దండం పెట్టాను. ఒకరు భయపడి సంతకం పెట్టలేదు, ఒకరు ధర్మంగా తెచ్చి ఇచ్చారు. రెండుసార్లూ నాకు రావాల్సిన డబ్బు ఇంకొకరి మంచి చెడ్డల మీద ఆధారపడింది. నా పేరు మీద ఎక్కడా ఏమీ లేదు.

ఆ వరదలోనే మా ఆడపడుచు వాళ్ళ గొర్రెలు పోయాయి. వాళ్ళది మున్నేటి వైపు ఊరు. మందను లోతట్టు దొడ్లో కట్టేశారు. అర్ధరాత్రి నీళ్ళు వచ్చేసరికి తలుపు తీసి వదిలారు గాని ఇరవైకి పైగా కొట్టుకుపోయాయి. ఆ వరదలప్పుడు గొర్రెకు, మేకకు పరిహారం మూడు వేల నుంచి ఐదు వేలకు, పాడి పశువుకు ముప్పై వేల నుంచి యాభై వేలకు పెంచుతున్నామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. పెంచడం మంచిదే. అయితే పశువు పోయిందని తేలాలంటే కళేబరం చూపించాలి, డాక్టరు పోస్టుమార్టం చేసి రాయాలి, ఫోటో ఉండాలి. వాళ్ళకు దొరికినవి ఐదారు. అవీ తుమ్మ కంపల్లో చిక్కుకుని ఉబ్బిపోయి కనిపించాయి. డాక్టరు వచ్చేదాకా వాటిని పూడ్చకుండా కుక్కల నుంచి కాపాడుతూ మా ఆడపడుచు కర్ర పట్టుకుని పొద్దంతా అక్కడే నిలబడింది. వాటికి మాత్రమే డబ్బులు వచ్చాయి. నది తీసుకుపోయిన వాటికి ఎవరు పోస్టుమార్టం చేస్తారు? మంద ఎంతుందో ఊరంతటికీ తెలుసు. ఊరి సాక్ష్యం చెల్లలేదు.

నా పుట్టిల్లు తిరువూరు పక్కన, ఆంధ్రప్రదేశ్‌లో. మాకు సరిహద్దు ఎంతో దూరం కాదు. మా అన్నయ్యా కౌలు రైతే. అక్కడ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలలకు చెల్లేలా సాగుదారు కార్డు ఇస్తారు. దాని వల్ల భూమి మీద హక్కు ఏమీ రాదని చట్టంలోనే ఉంది. ఈ-క్రాప్‌లో ఏ చేలో ఏ పంట ఉందో, ఎవరు వేశారో నమోదు చేస్తారు. అక్కడా యజమాని సంతకం పెడితేనే కార్డు. అందుకే అక్కడా చాలామందికి కార్డులు లేవు. మా అన్నయ్యకు భూమి ఇచ్చింది మేనమామ కాబట్టి సంతకం దొరికింది. లోపాలున్నా ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పంట పోక ముందే సాగుదారు పేరు కాగితం మీద ఉండటానికి అక్కడ ఒక దారి ఉంది. ఇక్కడ మేం పంట పోయాక, సర్వే గట్టు మీద నిలబడి, పంట మాదని రుజువు చేసుకోవాలి.

అడవి అంచున పోడు చేసుకునే వాళ్ళది ఇంకో బాధ. 2023 జూన్‌లో పోడు పట్టాలిచ్చారు, రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మా పక్కనున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాళ్ళకే దక్కాయి. సంతోషం. పట్టా రాని పోడు రైతుకు మాత్రం గాలివాన వస్తే నష్టం రాయించుకోవడానికి సర్వే నంబరే లేదు. మాకు పట్టాదారుడైనా ఉన్నాడు, వాళ్ళకు ఆ దారీ లేదు.

2020 సెప్టెంబరు, అక్టోబరు వానలకు పోయిన పంటల మీద రైతు స్వరాజ్య వేదిక అనే సంస్థ హైకోర్టుకు వెళితే, 2021 సెప్టెంబరులో కోర్టు పరిహారం ఇవ్వాలని, కౌలు రైతులనూ కలపాలని చెప్పింది. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు చదివి పక్కన పెట్టాను. మా చేను పడిపోయాక మళ్ళీ గుర్తొచ్చింది. న్యాయమూర్తులకు అర్థమైన సంగతి ఊళ్ళో రిజిస్టర్ దాకా ఎందుకు దిగి రాలేదో నాకు అంతుపట్టదు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. కోతకొచ్చిన వరి నీళ్ళల్లో నానింది, పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. అప్పుడూ ఎకరాకు పది వేలే అన్నారు. 2023లోనూ పది వేలే, 2024లోనూ పది వేలే. ఈలోగా కూలి పెరిగింది, మందులు పెరిగాయి, కౌలు పెరిగింది. మిరప వేసే నేలకైతే మా దగ్గర కౌలే ఆ పది వేలకు రెండు మూడింతలుంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి సీజన్‌లో ఏఈఓలు చేలకు వచ్చి పంటల నమోదు చేస్తూనే ఉన్నారు. అదే రిజిస్టర్‌లో సాగు చేస్తున్న మనిషి పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా రాయడానికి ఒక గడి పెట్టాలి. పక్క చేల రైతులు ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే చాలనాలి. ఆ గడి వల్ల భూమి మీద ఎవరికీ ఏ హక్కూ రాదని దాని కిందే పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తే మాస్టారు లాంటి వాళ్ళ భయమూ పోతుంది. నష్టపోయిన వాళ్ళ జాబితా డబ్బు పడక ముందే పంచాయతీ గోడకు అంటించాలి, తప్పుంటే చెప్పుకోవడానికి వారం గడువివ్వాలి. కొట్టుకుపోయిన పశువులకు ఊరి పంచనామా చెల్లాలి. బీమా మళ్ళీ మొదలుపెడితే కౌలు రైతును కలిపే మొదలుపెట్టాలి.

తోటి కౌలు రైతులకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, నా అనుభవంతో చెప్పేది కూడా కొంచెం ఉంది. విత్తనం, ఎరువుల బిల్లులు మీ పేరు మీదే రాయించుకోండి. చేలో నిలబడి పంటతో ఫోటో తీయించుకోండి, పంట బాగున్నప్పుడే. కౌలు డబ్బు చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, ఆ చీటీ సాక్ష్యమవుతుంది. అర్జీ ఇస్తే నకలు మీద ముద్ర వేయించుకోకుండా వెనక్కి రాకండి. వీటితో డబ్బు వచ్చి తీరుతుందని చెప్పను. పంట మాదేనని మీరు అన్నప్పుడు కాదనడం మాత్రం ఎదుటివాళ్ళకు కష్టమవుతుంది.

ఈ ఏడూ మాస్టారు చేనే చేస్తున్నాం. ఆయనకు ఇప్పుడు ఆరోగ్యం బాగాలేదు, పోయినసారి వెళ్ళినప్పుడు సంతకం సంగతి ఆయనే ఎత్తి, "ఆలోచిస్తానమ్మా" అన్నారు. ఆలోచించనివ్వండి. పంటల నమోదుకు ఏఈఓ మేడమ్ వచ్చిన రోజు నేను చేలోనే ఉంటాను. నా పేరు రాయమని అడుగుతాను. రాయడానికి వీల్లేదంటే, ఎందుకు వీల్లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమంటాను. ఊళ్ళో కౌలు చేసే ఆడవాళ్ళం ఇంకొందరం కూడా అదే మాట అడగాలని అనుకున్నాం.